బొమ్మ లోపలి బొమ్మ: చెంబు, ఇటుక, లడ్డూ, మామిడికాయ

(తిరుపతిలో బొమ్మలు గీయడం కొత్తగా నేర్చుకుంటున్న పెద్దలకూ పిల్లలకూ, బడుల్లో డ్రాయింగ్ చెప్పే టీచర్లకూ కలిపి చేసిన ప్రసంగం. బోర్డు మీద గీస్తూ చెప్పిన మాటలు కాబట్టి అక్కడక్కడా "ఇదిగో", "ఇక్కడ" అన్నవి అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

బల్ల మీద నాలుగు వస్తువులున్నాయి. స్టీలు చెంబు, ఇటుక, లడ్డూ, బెంగళూరు మామిడికాయ. వెనకున్నవాళ్ళు కొంచెం పక్కకి జరగండి, చెంబు మూతి మీకు కనపడాలి. ఏ వస్తువునైనా ముందు తేలికపాటి ఆకారాలుగా చూసి, వాటి మీద బొమ్మ కట్టడం ఈ పూట పాఠం. దానికి మనకి పాఠ్యపుస్తకం ఈ నాలుగే. వీటిని ఒప్పుగా గీయడం వస్తే గోవిందరాజస్వామి గోపురం గీయొచ్చు, పుంగనూరు ఆవుని గీయొచ్చు, మనిషిని నిలబెట్టొచ్చు.

బడిలో మనమంతా నేర్చుకున్న విద్య ఒకటుంది. చదరం గీసి మీద త్రికోణం పెడితే ఇల్లు. 2 అంకె వేసి కింద ఒక గీత లాగితే బాతు. రెండు త్రికోణాలు, మధ్యలో సూర్యుడు, అది కొండ. తిరుపతిలో పుట్టి పెరిగిన బిడ్డ కూడా కొండ అనగానే ఆ రెండు త్రికోణాలే గీస్తాడు. మేడెక్కి ఉత్తరం వైపు చూస్తే శేషాచలం కొండలు కనపడతాయి కదా, వాటికి ఎక్కడైనా త్రికోణపు మొన ఉందా? పైన చదునుగా, బారుగా, ఎవరో రాతిగోడ కట్టినట్టు ఉంటాయి. రోజూ కళ్ళముందున్న కొండని వదిలేసి, ఎవరో చెప్పిన కొండని గీస్తున్నాం. ఇది ఆకారాలతో నేర్చుకోవడం కిందికి రాదు. గుర్తులు బట్టీపట్టడం కిందికి వస్తుంది. అక్షరం దిద్దినట్టు బాతుని దిద్దుతున్నాం, అంతే.

మరి ఆకారం ఎందుకు? వస్తువుని అడగడానికి. చెంబుని చూసి "నువ్వు గుండ్రమా?" అని అడగాలి. మూతి గుండ్రమే, కానీ నాకు గుండ్రంగా కనపడటం లేదే, ఎందుకు? కడుపు ఎంత వెడల్పు, ఎత్తులో ఎన్నో వంతు? మెడ ఎక్కడ సన్నబడింది? ఆకారం చేతిలో ఉంటే ఈ ప్రశ్నలు పుడతాయి. లేకపోతే చెంబు అంచు వెంట పెన్సిల్ జరుపుకుంటూ పోతాం, చివరికి మొదలుపెట్టిన చోటికి గీత చేరదు.

ఇందులో రెండు మెట్లున్నాయి. చాలామంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారు, అందుకే విడదీసి చెబుతున్నా. మొదటి మెట్టు పలక ఆకారం: చదరం, గుండ్రం, త్రికోణం. ఇది కొలత కోసం. వస్తువు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏది దేనికన్నా పెద్దది, ఇంతవరకే దీని పని. రెండో మెట్టు ఘనాకారం: పెట్టె, గోళం, స్తూపం, శంకువు. స్తూపం అంటే డ్రాయింగ్ క్లాసులో సిలిండర్ అంటామే అది. ఇది వస్తువు ఎటు తిరిగి ఉందో, ఎక్కడ మనవైపు వస్తోందో, ఎక్కడ వెనక్కి పోతోందో చెప్పడానికి. గుండ్రం గీసి బంతి అనుకుంటే చాలదు. ఆ గుండ్రం మీద నడుం చుట్టూ వంపుగా ఒక గీత తిప్పారంటే, అప్పుడది బంతి అవుతుంది. ఇదిగో, తేడా చూడండి. ఒక్క గీత.

మొదటి మెట్టు మీలో చాలామంది ఆడవాళ్ళకి కొత్త కాదు. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి చుక్కల ముగ్గు వేస్తారు. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా. చుక్కలు పెట్టకముందే మెలిక తిప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వరసలు సమంగా పడితేనే ముగ్గు కుదురుతుందని, ఒక చుక్క పక్కకి పోతే ఆ మూల మొత్తం వంకరపోతుందని చేతికే తెలుసు. కాగితం మీద ముందు కొలత గుర్తులు పెట్టుకోవడం కూడా అదే పని. ముగ్గు నేల మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడితో సరిపోతుంది. కాగితం కూడా నేలంత చదునుదే, కానీ దాని మీద మనం లోతు చూపించాలి. రెండో మెట్టు అవసరం అక్కడ వస్తుంది.

గీత ఎంత గట్టిగా గీయాలి అన్నది ముందే తేల్చుకుందాం, ఎందుకంటే మొదటి వారంలో పాడయ్యే కాగితాల్లో సగం దీనివల్లే పాడవుతాయి. మన పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళని చూడండి. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో లేతగా రూపం వేసుకుంటారు. ఆ తర్వాతే వెదురు కలంతో కసిమి గీత. కసిమి అంటే ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేసిన రంగు. కరక్కాయ పట్టిన గుడ్డకి అది తగలగానే నల్లగా తిరుగుతుంది, ఇక చెరిపే మాట లేదు. బొగ్గు గీత అలా కాదు, దులిపితే పోతుంది. ముందు ఆధారానికి లేతగా వేసుకునే కట్టుబడి గీత వేరు, చివరికి నిలిచిపోయే ఖాయం గీత వేరు అన్న వివేకం ఆ పనిలోనే ఉంది. మనం పెన్సిల్‌తో రెండూ ఒకే ఒత్తిడితో గీసేస్తున్నాం.

కాబట్టి కట్టుబడికి హెచ్‌బి పెన్సిల్ తీసుకోండి, మొనకి దూరంగా, కనీసం ఐదారు సెంటీమీటర్లు వెనక్కి పట్టుకోండి. రాసేటప్పుడు పట్టుకున్నట్టు మొన దగ్గర పట్టుకుంటే గీత వేళ్ళతో వస్తుంది, పొట్టిగా, వణుకుతూ వస్తుంది. వెనక్కి పట్టుకుంటే చెయ్యి మొత్తం భుజం నుంచి కదులుతుంది. మీ గీత మీకు కనపడాలి, చెయ్యి చాచి కాగితం దూరంగా పెడితే దాదాపు కనపడకూడదు, లేతదనానికి అదే కొలత. ఖాయం గీతకి ఇంకొంచెం మెత్తగా, నల్లగా ఉండే 2బి, నీడకి 4బి చాలు. 6బి ఇప్పుడే వద్దు, మరకలు చేస్తుంది. కాగితం మామూలు జిరాక్స్ పేపరే, 75 జిఎస్‌ఎం. ఖరీదైన కాగితం ముందు పెట్టుకుంటే పాడవుతుందేమో అని చెయ్యి బిగుసుకుంటుంది. మంచి కాగితం రెండు మూడు నెలల తర్వాత కొనుక్కోవచ్చు.

ఇప్పుడు చెంబు. ఎక్కువసేపు దీని దగ్గరే ఉంటాను, ఎందుకంటే గుండ్రటి వస్తువుల గుట్టంతా దీని మూతిలో ఉంది.

మొదట ఒక నిలువు గీత, లేతగా. ఇది చెంబు నడిమధ్య గీత, ఇరుసు అనుకోండి. దాని మీద పై కొసా, కింది కొసా గుర్తు పెట్టండి. తర్వాత కొలత. చెయ్యి తిన్నగా చాపండి, మోచెయ్యి వంగకూడదు, ఒక కన్ను మూయండి. పెన్సిల్ కొనని కడుపు ఎడమ అంచు మీద పెట్టి, బొటనవేలు కుడి అంచు దగ్గరికి జరపండి. అది వెడల్పు. అదే కొలతని అలాగే పట్టుకుని పెన్సిల్ నిలువుగా తిప్పి ఎత్తు మీద పెట్టండి. ఎన్నిసార్లు పట్టింది? ఒకటింపావు సార్లు అనుకుందాం. కాగితం మీద ఎంత పెద్దగా గీసినా ఆ ఒకటింపావు మారదు. ఇక్కడ జరిగే పొరపాటు మోచెయ్యి వంచడం. వెడల్పు కొలిచేటప్పుడు చెయ్యి చాచి, ఎత్తు కొలిచేటప్పుడు కొంచెం ముడిస్తే పెన్సిల్ కంటికి దగ్గరవుతుంది, కొలత మారిపోతుంది. పెన్సిల్ ముందుకి వాలినా అంతే. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నట్టు నిటారుగా ఉండాలి.

తర్వాత ఇరుసు మీద నాలుగు గుర్తులు: మూతి, మెడ, కడుపులో అన్నిటికన్నా వెడల్పైన చోటు, అడుగు. ప్రతి గుర్తు దగ్గర ఒక అడ్డగీత, ఇరుసుకి రెండువైపులా సమానంగా. ఇప్పుడు ఆ నాలుగు అడ్డగీతల మీదా నాలుగు దీర్ఘవృత్తాలు వేయాలి. గుండ్రటి మూతిని పక్కనుంచి చూస్తే నొక్కినట్టు కనపడే ఆకారం అదే, డ్రాయింగ్ క్లాసులో ఎలిప్స్ అంటారు.

ఎంత నొక్కుకుపోవాలి? ఇది కంటిమట్టం, అంటే మన కన్ను ఉన్న ఎత్తు, చెబుతుంది. చెంబుని ఇలా ఎత్తి కంటికి సరిగ్గా ఎదురుగా పెడితే మూతి గీతలా కనపడుతుంది. కిందికి దించుతూ పోతే తెరుచుకుంటుంది. లెక్క కావాలంటే ఇదిగో. కన్ను మూతికన్నా 30 సెంటీమీటర్లు పైన ఉంది, చెంబు అడ్డంగా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. మూతి వెడల్పుని కాగితం మీద 10 సెంటీమీటర్లు గీస్తే నిలువు కొలత దాదాపు నాలుగున్నర రావాలి. అడుగు మూతికన్నా మరో 15 సెంటీమీటర్లు కిందుంటుంది కదా, అక్కడ ప్రతి 10కి 6 వస్తుంది. అంటే అడుగు మూతికన్నా ఎక్కువ తెరుచుకుని ఉండాలి. ఎంత కిందికి పోతే అంత గుండ్రం.

ఇక్కడే తొంభై మందిలో ఒకరు తప్ప అందరూ అడుగుని తిన్నటి గీతగా గీస్తారు. ఎందుకంటే చెంబు బల్ల మీద కదలకుండా కూర్చుంది, బల్ల చదునుగా ఉంది, కాబట్టి అడుగు చదును అని బుర్ర చెబుతుంది. బుర్ర చెప్పింది నిజమే, కానీ కన్ను చూసేది అది కాదు. మూతి గుండ్రంగా, అడుగు తిన్నగా గీస్తే ఆ చెంబు నడుం దగ్గర రెండు ముక్కలై, పై సగం మనం పైనుంచి చూస్తున్నట్టు, కింది సగం బల్ల అంచు నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. చూసేవాడికి కారణం తెలియదు, ఏదో తేడాగా ఉంది అని మాత్రం అనిపిస్తుంది.

రెండో తప్పు కొసలు. దీర్ఘవృత్తానికి ఎడమ కుడి కొసల దగ్గర మొన ఉండకూడదు. ఎంత సన్నగా నొక్కుకుపోయినా కొస గుండ్రంగానే తిరుగుతుంది. చాలామంది పై వంపు ఒకటి, కింది వంపు ఒకటి, రెండు ముక్కలుగా గీసి కలుపుతారు, అందుకే కళ్ళ బొమ్మలాగా మొనలు వస్తాయి. ఒకే ఊపులో తిప్పండి. కాగితానికి తగలకుండా గాలిలో రెండుసార్లు తిప్పి, ఆ ఊపు తగ్గకముందే పెన్సిల్ దించి రెండు చుట్లు తిప్పండి. గీత రెండు వరసలైనా ఫరవాలేదు, కట్టుబడే కదా. మూడో తప్పు దీనికి వ్యతిరేకం, మాత్ర బిళ్ళలాగా పైనా కిందా తిన్నగా, కొసలు మాత్రమే గుండ్రంగా. దీర్ఘవృత్తంలో తిన్నటి ముక్క ఎక్కడా ఉండదు.

కనపడని వెనక సగం కూడా గీయాలా అని అడుగుతారు. గీయాలి. అద్దంతో చేసిన చెంబు అనుకుని కడుపుకి, అడుగుకి వెనకవైపు వంపు కూడా తిప్పండి. ముందు సగం ఒక్కటే గీస్తే అది ఎంత వంగాలో చెయ్యికి ఆధారం దొరకదు. మొత్తం తిప్పితే ముందు సగం దానంతటదే కుదురుతుంది, వెనక సగాన్ని తర్వాత తీసేయొచ్చు.

చెంబు పక్కకి పడిపోతే? ఇదిగో, పడుకోబెట్టాను. ఇప్పుడు ఇరుసు వాలింది. దీర్ఘవృత్తం పొడవు గీత ఎప్పుడూ ఇరుసుకి అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉంటుంది. పొట్టి గీత ఇరుసు వెంటే పడుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే బండి చక్రం, మృదంగం మూతి, నీళ్ళ ట్యాంకరు, ఏది ఎటు తిరిగినా గీయొచ్చు. పడిన చెంబు మూతిని కూడా నిలబడిన చెంబు మూతిలాగా అడ్డంగా గీయడం వల్లే అది చెంబుకి అతికించినట్టు కనపడుతుంది.

సాధన ఇలా చేయండి. కాగితం మీద 3 సెంటీమీటర్ల ఎడంలో రెండు నిలువు గీతలు. వాటి మధ్యలో పైనుంచి కిందికి దీర్ఘవృత్తాలు, రెండు గీతలకీ తగులుతూ, పైన సన్నగా, కిందికి పోను పోను తెరుచుకుంటూ. రోజుకి 20. సరిచూసుకోవడానికి మధ్య ఇరుసు మీద కాగితం మడిచి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. ఎడమ సగం, కుడి సగం ఒకదాని మీద ఒకటి పడాలి. కుడిచేతివాళ్ళకి సాధారణంగా ఒక పక్క బొద్దుగా వస్తుంది. ఏ పక్క బొద్దు వస్తోందో తెలిస్తే రెండు వారాల్లో సరిపోతుంది.

ఇటుక దగ్గరికి వద్దాం. నాటు ఇటుక సుమారు 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం. అంటే 6, 3, 2 నిష్పత్తి. లెక్క తేలికగా ఉంది కాబట్టే ఇటుక తెచ్చాను. ఒక మూల మనవైపు తిప్పి పెట్టి, పైనుంచి చూస్తే మూడు ముఖాలు కనపడతాయి. దగ్గరి మూల దగ్గర మూడు గీతలు కలుస్తాయి: ఒకటి నిలువుగా కిందికి, రెండు వాలుగా పైకి. ఇంగ్లిషు అక్షరం వై లాగా. ముందు ఈ వై గీయండి. దాని చుట్టూ మూడు కోణాలుంటాయి కదా, మూడూ 90 డిగ్రీలకన్నా ఎక్కువే ఉండాలి. ఏ ఒక్కటి 90కి తగ్గినా ఇటుక చూసేవాడి మీదికి పడిపోతున్నట్టు వంకర తిరుగుతుంది. మిగిలిన గీతలు ఈ మూడింటికీ తోబుట్టువులు. ప్రతి దిక్కుకీ నాలుగు నాలుగు గీతలు, మొత్తం పన్నెండు. ఒకే దిక్కు గీతలు నాలుగూ దూరం పోను పోను కొంచెం దగ్గరవ్వాలి. కొంచెం అంటున్నాను. ఇటుకంత వస్తువుకి అది కంటికి ఆనీ ఆననంత. మరీ ఎక్కువ కలిపితే ఇటుక లారీ అంత పెద్దదిగా కనపడుతుంది.

కొత్తవాళ్ళ పెట్టెల్లో తరచుగా గీతలు దూరం పోను పోను విచ్చుకుంటాయి. ఇది కూడా బుర్ర చేసే పనే. వెనక అంచు, ముందు అంచు సమానమని తెలుసు కాబట్టి, వెనకది చిన్నదైపోతోందేమో అని చెయ్యి దాన్ని సాగదీస్తుంది. పన్నెండు గీతలూ వేశాక, ఒకే దిక్కు నాలుగింటినీ స్కేలుతో వెనక్కి పొడిగించి చూడండి. తప్పు ఏ గీతదో వెంటనే తెలుస్తుంది. ఇలా సరిచూసుకోకుండా వంద పెట్టెలు గీసినా అదే తప్పు వందసార్లు గట్టిపడుతుంది. ఒక ముఖానికి నడిమధ్య కావాలంటే స్కేలుతో సగం కొలవకండి. మూల నుంచి మూలకి రెండు కర్ణాలు గీస్తే అవి కోసుకున్న చోటే కంటికి కనపడే మధ్య. కిటికీ, తలుపు, గోపురం మధ్య గీత, అన్నీ ఇలాగే దొరుకుతాయి.

లడ్డూకి పెద్దగా చెప్పనక్కర్లేదు. బూంది గింజలు ముందు గీయకండి, అంతే. గుండ్రం, నడుం చుట్టూ అడ్డంగా ఒక వంపు, నిలువుగా ఒక వంపు. తర్వాత వెలుగు ఒకే వైపు నుంచి రానిచ్చి, వెలుగు ముగిసి నీడ మొదలయ్యే గీత పట్టుకోండి. ఆ గీత కూడా దీర్ఘవృత్తంలో సగమే. నీడలో అన్నిటికన్నా నలుపు ఆ గీత పక్కనే ఉంటుంది, అంచు దగ్గర కాదు. అంచు దగ్గర బల్ల నుంచి తిరిగొచ్చిన వెలుతురు పడి కొంచెం తేలుతుంది. అలా తేలిన చోటు వెలుగువైపు బూడిదరంగుకన్నా ఎప్పుడూ తెల్లగా ఉండకూడదు, ఉంటే లడ్డూ గాజు బంతి అయిపోతుంది. గింజల్ని వెలుగూ నీడా కలిసే ఆ సందులో మాత్రం చూపించండి, చూసేవాడి కన్ను మిగతావి నింపుకుంటుంది.

మామిడికాయ ఈ మూడింటికీ లొంగదు. చిత్తూరు జిల్లా అంతా పండే ఈ బెంగళూరు కాయకి కొన దగ్గర చిలకముక్కు ఉంది, నడుం ఒకవైపు వంగి ఉంది. ఇరుసు ఇక్కడ తిన్నగా ఉండదు, వంగిన గీత. ముందు ఆ వంపు. దాని మీద తొడిమ వైపు పెద్ద కోడిగుడ్డు, ముక్కు వైపు చిన్న మొద్దు శంకువు. రెండూ ఒకదానిలోకి ఒకటి దిగబడాలి, పక్కపక్కన పెట్టి అతికించినట్టు కాదు. తర్వాత ఇరుసు మీద నాలుగైదు చోట్ల కాయ చుట్టూ దారం కట్టినట్టు వంపులు తిప్పండి. ఈ దారాలు ఎటు వంగాయో చూస్తే కాయ ముక్కు మనవైపుందో, అటువైపుందో తెలిసిపోతుంది. బయటి అంచు అన్నిటికన్నా చివర. ముందే అంచు గీస్తే అది నేల మీద పడ్డ కాయ నీడే అవుతుంది గానీ కాయ కాదు.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ 1904 ఏప్రిల్ 15న ఎమిల్ బెర్నార్‌కి రాసిన ఉత్తరంలో ప్రకృతిని స్తూపం, గోళం, శంకువు ద్వారా చూడమన్నాడు. ఆ జాబితాలో ఘనం లేదు, గమనించండి. కొండలు, ఆపిల్ పండ్లు గీసినవాడు వంపు తిరిగే ఆకారాల పేర్లే చెప్పాడు. మామిడికాయ దగ్గర మనకి పనికొచ్చేవీ అవే.

ఇప్పుడు గోపురం. రైల్వే స్టేషన్ దగ్గరే ఉన్న గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురం, ఏడంతస్తులది. దాన్ని గీయడానికి కూర్చున్నవాళ్ళు మొదట చేసే పని బొమ్మలు గీయడం. సాయంత్రానికి రెండంతస్తుల బొమ్మలవుతాయి, మూడో అంతస్తుకి కాగితం చాలదు. ఆ గోపురంలో మూడే ఆకారాలున్నాయి. కింద రాతి భాగం నిలువు గోడల పెట్టె. దాని మీద అంతస్తులన్నీ కలిపి తల కోసేసిన పిరమిడ్. అన్నిటి మీదా శాల శిఖరం, అడ్డంగా పడుకోబెట్టిన సగం స్తూపం, దాని వీపు మీద వరసగా కలశాలు. పెట్టె ముఖానికి కర్ణాలు గీసి మధ్య పట్టుకోండి, ఆ మధ్య నుంచి నిలువు గీత శిఖరందాకా లాగండి. వాలు గీతలు రెండూ దాని నుంచి సమానంగా దిగాలి. అంతస్తుల ఎత్తు పైకి పోను పోను తగ్గుతుంది, సమానంగా పంచితే గోపురం అలమరలాగా ఉంటుంది. పెన్సిల్‌తో కొలిచి కింది అంతస్తులో పై అంతస్తు ఎన్నో వంతో చూసుకోండి.

చెంబుని పైనుంచి చూశాం, గోపురాన్ని కిందినుంచి చూస్తాం. వీధిలో నిలబడ్డ మనిషి కంటిమట్టం దాదాపు మీటరున్నర. గోపురం దాదాపు అంతా దానికన్నా పైనే. కాబట్టి మూల నుంచి చూసినప్పుడు అడ్డగీతలన్నీ రెండువైపులా కిందికి వాలతాయి, పై అంతస్తుల్లో ఆ వాలు మరింత ఎక్కువ. కింది అంతస్తునీ పై అంతస్తునీ ఒకే వాలుతో గీస్తే శిఖరం వెనక్కి విరిగినట్టు ఉంటుంది. బొమ్మలు చివర్లో, ఒక్కో అంతస్తుకి చీకటి గూళ్ళు, వెలుగు స్తంభాలు పడ్డాక.

పుంగనూరు ఆవు గురించి రెండు మాటలు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, కాళ్ళు పొట్టి, నుదురు వెడల్పు. రొమ్ము పంజరం పెద్ద కోడిగుడ్డు, వెనక నడుం ఒక పెట్టె, రెంటినీ కలిపే పొట్ట కొంచెం కిందికి జారిన వంతెన. ఆవు అనగానే అలవాటైన పొడవు కాళ్ళు పెట్టేస్తే అది ఒంగోలు జాతి అయిపోతుంది. పొట్ట కింద నేలకి, పొట్టకి మధ్య ఉన్న ఖాళీ ఆకారాన్ని చూసి గీయండి. ఆ ఖాళీ ఎత్తు ఎంత తక్కువుందో, అదే పుంగనూరు ఆవు.

మనిషి. ఇక్కడ మన శిల్పశాస్త్రం ఎంతో ముందే లెక్క కట్టి పెట్టింది. తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప కళాశాల ఉంది, అక్కడి విద్యార్థులు తాళమానం, అంటే మూర్తి అవయవాల కొలతల పద్ధతి, నేర్చుకుంటారు. అందులో ఉత్తమ దశతాళం అనే కొలతలో మూర్తి ఎత్తు 124 అంగుళాలు. ఇందాక ఇటుకకి చెప్పిన అంగుళం కాదిది. మూర్తి ఎత్తు ఎంతైనా దాన్ని 124 భాగాలు చేస్తే ఒక భాగం ఒక అంగుళం, దేహలబ్ధాంగుళం అంటారు. వేలెడంత మూర్తికీ తాడెత్తు మూర్తికీ అదే లెక్క. నడినెత్తి నుంచి జుట్టు అంచుదాకా 4, ముఖం 13, మెడ నాలుగున్నర, అక్కడినుంచి రొమ్ముకి, రొమ్ము నుంచి బొడ్డుకి, బొడ్డు నుంచి తొడల మూలానికి ఒక్కోటి పదమూడున్నర. కూడండి, 62. సరిగ్గా సగం. తొడ 27, మోకాలు 4, పిక్క 27, పాదం 4, మళ్ళీ 62.

ఇది దేవతామూర్తి లెక్క. మామూలు మనిషి తలలు దాదాపు ఏడున్నర పడతాడు. కానీ సగం మాత్రం అక్కడా తొడల మూలం దగ్గరే పడుతుంది. కొత్తవాళ్ళు గీసిన మనుషులకి కాళ్ళు పొట్టిగా ఉంటాయి, ఎందుకంటే తల నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ, కాగితం అయిపోయేసరికి కాళ్ళని కుదిస్తారు. ముందు మొత్తం ఎత్తు గీత, దాన్ని సగం చేయండి, సగం దగ్గర నడుం పెట్టె పెట్టండి. తర్వాత రొమ్ము కోడిగుడ్డు, తల కోడిగుడ్డు, కాళ్ళూ చేతులూ సన్నబడుతూ పోయే స్తూపాలు. తలలో కళ్ళు నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో ఉంటాయి. జుట్టు ఉన్న భాగాన్ని తలలో లెక్కపెట్టకపోవడం వల్ల కళ్ళు నుదుటి మీదికి ఎక్కుతాయి.

ఎవరో చెయ్యెత్తారు, అడగండమ్మా.

(ఫోటో మీద గళ్ళు గీసి, కాగితం మీదా గళ్ళు గీసి వేస్తే తప్పా అని ఒక టీచరు అడిగారు.)

తప్పు కాదు. గోడ మీద పెద్ద బొమ్మ వేయాలంటే ఆ పద్ధతే మేలు. కానీ గళ్ళు మొదటి మెట్టు పని మాత్రమే చేస్తాయి, కొలత ఇస్తాయి. కాయ ఎటు తిరిగిందో గడికి తెలియదు. పిల్లలకి గళ్ళతో నేర్పితే, వేసిన గడిలో ఏముందో అదే నకలు చేస్తారు, బొమ్మ మొత్తం ఏమిటో చూడరు. గళ్ళ మీద వేసిన బొమ్మనే మరుసటి రోజు గళ్ళు లేకుండా, ఆకారాలతో, వేరే కోణంలో వేయమనండి. వేయలేకపోతే ఏది నేర్పాలో మీకు తెలిసిపోతుంది.

(మరి చిన్నపిల్లలకి ఏ వయసులో ఈ పెట్టెలు మొదలుపెట్టాలని ఇంకొకరు అడిగారు.)

మూడు, నాలుగు తరగతుల పిల్లలకి కంటిమట్టం, దీర్ఘవృత్తం వద్దండి. వాళ్ళకి మట్టి ఇవ్వండి. సంగటి ముద్దలాగా ఉండ చేయమనండి, అది గోళం. దాన్ని బల్ల మీద దొర్లిస్తే స్తూపం, ఒక కొసని ఎక్కువ దొర్లిస్తే శంకువు, నాలుగువైపులా తట్టితే పెట్టె. చేత్తో చేసినదాన్ని వాళ్ళే చుట్టూ తిప్పి చూస్తారు. ఆ అనుభవం వేళ్ళలో ఉంటే ఆరో తరగతిలో కాగితం మీద చెప్పినప్పుడు వెంటనే అందుకుంటారు. బాతుకి 2 అంకె మాత్రం నేర్పకండి.

సరే, ఇప్పుడు కాగితాలు తీయండి. చెంబుని మధ్యలో పెడుతున్నా. ఒక్కొక్కరూ రెండు బొమ్మలు వేయాలి, పక్కపక్కనే: ఒకటి కూర్చుని, ఒకటి లేచి నిలబడి. ఒక్కోదానికి పది నిమిషాలు, రబ్బరు లేకుండా. రెండింటి మూతుల మధ్య తేడా ఇక్కడినుంచి నాకు కనపడాలి, అడుగుల మధ్య తేడా కూడా.